పబ్లిక్‌గా ఉన్న కామెంట్‌ను మెచ్చుకుంటూ షేర్ చేశాను, ఆ మనిషి అకౌంటే తీసేసి వెళ్ళిపోయారు. ఇప్పుడు నేనేం చేయాలి?

వానపిట్ట

కాస్త పొడుగు పోస్ట్, ఓపిగ్గా చదవండి. నెల రోజులుగా మనసులో నలుగుతోంది. ఎటూ తేల్చుకోలేక ఇక్కడ పెడుతున్నాను. మనిషి ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

మూడేళ్ళుగా నేను ఒక ఫ్యాంటసీ సీరియల్ అభిమానుల కోసం ప్రతి ఆదివారం ఒక పోస్ట్ రాస్తున్నాను. ఆ వారం ఎవరు ఏం రాశారు, ఎక్కడ మంచి చర్చ నడిచింది, కొత్తగా ఏ ఫ్యాన్ కథలు (ఆ సీరియల్ పాత్రలతో అభిమానులు రాసుకునేవి) వచ్చాయి, ఎవరు ఏ బొమ్మ గీశారు, అన్నీ ఒకచోట లింకులుగా పెట్టి ఒక్కోదాని కింద రెండు మాటలు రాస్తాను. మొదట్లో 40 మంది చదివేవాళ్ళు. అందరం కలంపేర్లతో ఒకరికొకరం తెలిసినవాళ్ళమే. ఇప్పుడు చదివేవాళ్ళు 3,000 దాటారు. ఆ సంఖ్య రోజూ కళ్ళ ముందే ఉంటుంది. అయినా రాయడానికి కూర్చుంటే నా తలలో ఇంకా ఆ 40 మందే ఉంటారు.

నెల కిందట ఒక చిన్న పాత్ర గురించి ఎక్కడో చర్చ జరుగుతోంది. జబ్బుపడ్డ తమ్ముణ్ణి చూసుకునే అక్క పాత్ర. ఒక ఎపిసోడ్ మొత్తం ఆమె నోరు విప్పదు. రచయితలు ఆ పాత్రను గాలికి వదిలేశారని కొందరు, కాదు ఆ మౌనమే గొప్పగా ఉందని కొందరు. ఆ కామెంట్లలో బాగా కిందికి, ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్న చోట, ఒకావిడ ఇలా రాశారు:

[ఎడిట్: ఇక్కడ ఆవిడ వాక్యం ఉండేది. తీసేశాను. ఎందుకో కింద గళ్ళనోటుబుక్ గారి జవాబులో ఉంది.]

ఒక చెంచా గురించి రాసిన ఒక్క వాక్యం అది. చదివి లేచి కూర్చున్నాను. మూడేళ్ళుగా ఆ సీరియల్ మీద నేను చదివిన వ్యాసాలన్నీ ఒక ఎత్తు, ఆ వాక్యం ఒక ఎత్తు.

స్క్రీన్‌షాట్ తీశాను. చుట్టూ ఉన్న కామెంట్లు కత్తిరించాను. వాక్యం కింద పసుపు గీత గీశాను. ఆవిడ కలంపేరు, దాని పక్కన గుండ్రటి చిన్న ఫొటో, రాత్రి 2:47 అన్న టైము, అన్నీ అలాగే ఉంచాను. ఒకరి మాటను పేరు లేకుండా వాడుకుంటే దొంగతనం అవుతుందని, పేరు ఉంచడమే మర్యాద అని అప్పుడు నిజంగా అనుకున్నాను. పైన 'ఈ వారం ఇంతకంటే నిజమైన మాట చదవలేదు' అని రాసి ఆదివారం పోస్ట్‌లో మొదట పెట్టాను.

సాయంత్రానికి ఒక పెద్ద అకౌంట్ దాన్ని షేర్ చేసింది. సోమవారం చూస్తే ఆ పాత చర్చ కింద ఎప్పుడూ వినని పేర్లు. మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. కొందరు మాత్రం సొంత కష్టాలు తెచ్చి కథకు పూస్తున్నారన్నారు. ఒకరైతే, ఇంట్లో మనిషిని చూసుకోవడం కూడా భారమేనా అని ఆవిడనే నిలదీశారు. బుధవారం ఆవిడ నాకు మెసేజ్ పెట్టారు. రెండే ముక్కలు. నేను మంచి మనసుతోనే చేశానని తెలుసట. కానీ ఆ గుండ్రటి ఫొటోలోని కిటికీని ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టారట. తమ్ముడు చదివాడట.

నేను జవాబు టైప్ చేస్తూ ఉండగానే ప్రొఫైల్ పోయింది. దాంతోపాటు ఆవిడ రాసిన 11 ఫ్యాన్ కథలూ పోయాయి.

అడగాలనుకున్నవి రెండు. ఒకటి, ఆ కామెంట్‌కు తాళం లేదు, లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా చదవగలరు. అలాంటిదాన్ని చూపించడం తప్పేనా? తప్పయితే ఆదివారం పోస్ట్‌ను ఇకమీద ఏ పద్ధతిలో నడపాలి? రెండు, ఆవిడ కథలు ముందే దాచుకున్నవాళ్ళు ముగ్గురు ఉన్నారు. 'పోనివ్వకూడదు, మీ పోస్ట్‌లో లింక్ పెట్టండి' అని నన్ను అడుగుతున్నారు. ఆ 11 కథలంటే నాకూ ప్రాణం. ఏం చెప్పను?

పాతకాపు

వానపిట్ట గారూ, మీరు దురుద్దేశంతో చేయలేదు. ఆ మాట ఆవిడే చెప్పారు కాబట్టి దాని గురించి నేను మళ్ళీ ఓదార్చను. మీ మొదటి ప్రశ్నకు వస్తాను.

నేను యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చావేదిక రోజుల నుంచి ఉన్నాను. 1990ల మొదట్లో అక్కడి చర్చా గుంపుల్లో, అంటే న్యూస్‌గ్రూప్‌లలో, రాసిన మాట కొన్నాళ్ళు సర్వర్ మీద ఉండి రాలిపోయేది. రాలిపోతుందన్న ధీమాతో చాలామంది అసలు పేరుతోనే, ఆఫీసు ఈమెయిల్‌తోనే రాసేవాళ్ళు. 1995లో డెజాన్యూస్ అనే సైట్ వచ్చింది. పోస్టులు దాచిపెట్టి, ఎవరైనా వెతుక్కునేలా చేసింది. దాచవద్దు అనుకుంటే మన పోస్ట్ హెడర్‌లో ఎక్స్-నో-ఆర్కైవ్ అని ఒక ముక్క చేర్చాలి. ఆ సంగతి తెలిసినవాళ్ళు చేర్చారు. తెలియనివాళ్ళ మాటలు నిలిచిపోయాయి. 2001లో గూగుల్ ఆ నిల్వను కొన్నది, అదే ఏడాది చివరికి 1981 నాటి పోస్టుల దాకా వెతుక్కునే వీలు వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మాటలు రాసిన రోజునా పబ్లిక్కే, ఇరవై ఏళ్ళ తర్వాతా పబ్లిక్కే. కానీ రాసిన రోజున పబ్లిక్ అంటే ఆ గ్రూప్ చదివే కొన్ని వందల మంది, అదీ కొన్ని వారాల పాటు. తర్వాత పబ్లిక్ అంటే మీ పేరు తెలిసిన ఎవరైనా, ఎప్పుడైనా. మాట మారలేదు, వినేవాళ్ళు మారిపోయారు. మీ స్క్రీన్‌షాట్ మూడు రోజుల్లో చేసింది అదే.

తర్వాత లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైట్ కాలంలో పోస్ట్‌కు తాళం వేసుకునే వీలుండేది, స్నేహితులకే కనిపించేలా. తాళం వేసినదాన్ని కాపీ చేసి బయటపెట్టిన మనిషిని మా గుంపులో మళ్ళీ దగ్గరికి రానిచ్చేవాళ్ళు కారు. తాళం లేనివాటికి మాకు మేం పెట్టుకున్న పద్ధతి ఒకటుండేది: పోస్ట్‌కు లింక్ ఇవ్వచ్చు, కామెంట్‌కు అడక్కుండా ఇవ్వకూడదు. పోస్ట్ అంటే నలుగురిలో నిలబడి చెప్పిన మాట. కామెంట్ అంటే పక్కవాళ్ళ వైపు తిరిగి చెప్పిన మాట. వెనక వరుసలో ఉన్నవాళ్ళకు వినబడి ఉండచ్చు. అయినా మైకులో మళ్ళీ చెప్పమని ఆవిడ మిమ్మల్ని అడగలేదు కదా.

తేటనీరు

నేను కొంచెం అడ్డు చెప్పాలి. ఈ సందర్భంలో వానపిట్ట గారు అడిగి ఉండాల్సిందే, అందులో నాకూ సందేహం లేదు. కానీ 'ఎవరి మాటనైనా అడక్కుండా ఎత్తి చూపకూడదు' అన్నది నియమంగా స్థిరపడితే నష్టపోయేది చిన్నవాళ్ళే.

మా గ్రూప్‌లో మంచి పేరున్న ఒక ఫ్యాన్ రచయిత ఉండేవారు. కొత్తగా రాసేవాళ్ళ కథల కింద వరసగా చులకన మాటలు రాసేవారు. అన్నీ బహిరంగంగానే. ఒకమ్మాయి ఏడాది పాటు భరించి, చివరికి ఆ కామెంట్లన్నీ ఒకచోట చేర్చి పెట్టింది. ఆయన వెంటనే ఎత్తుకున్న మాట ఏమిటో తెలుసా? 'నా అనుమతి లేకుండా నా మాటలు పెట్టావు, ఇది మర్యాద కాదు.' సగం మంది నిజమే అన్నారు! ఏడాది పాటు అమ్మాయి పడ్డ బాధ పక్కకు పోయి, చర్చంతా అనుమతి చుట్టూ తిరిగింది. నేనూ అప్పుడు గట్టిగా మాట్లాడలేకపోయాను. ఆ అమ్మాయి ఇప్పుడు రాయడం లేదు.

అందుకే నేను అనుమతి ఒక్కదాన్నే చూడను. ఈ మనిషి తను ఎంతమందితో మాట్లాడుతున్నానని అనుకుంటున్నారు, నేను ఆ మాటను ఎంతమంది దగ్గరికి మోసుకెళ్తున్నాను, ఈ రెండింటి మధ్య దూరం చూస్తాను. 20,000 మంది ఫాలోవర్లున్న మనిషి రాసిన పెద్ద వ్యాసాన్ని ఎత్తి చూపి విమర్శిస్తే ఆ దూరం లేదు, అడగక్కర్లేదు. ఇద్దరి మధ్య నడుస్తున్న మాటల్లో, అర్ధరాత్రి దాటాక, తన ఇంటి సంగతి చెప్పుకున్న మనిషిని 3,000 మంది ముందు నిలబెడితే దూరం చాలా ఉంది. మెచ్చుకోవడానికా తిట్టడానికా అన్నది ఆ దూరాన్ని ఏమీ తగ్గించదు.

గళ్ళనోటుబుక్

వానపిట్ట గారూ, ముందు ఒక పని చేయండి, మిగతాది తర్వాత చదవచ్చు. మీ ప్రశ్నలో ఆవిడ వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది. దాన్ని కొటేషన్లలో పెట్టి ఇప్పుడే వెతికాను. మీ ఆదివారం పోస్ట్‌ను కాపీ చేసి ఎత్తిపోసుకున్న పేజీలు మూడు వచ్చాయి, వాటిలో ఆవిడ కలంపేరు అలాగే ఉంది. మీరు వివరాలు ఎన్ని మార్చినా ఆ ఒక్క వాక్యం చాలు. వెంటనే తీసేయండి.

నేను అభిమానుల రాతల మీద పరిశోధన చేస్తాను కాబట్టి ఈ చిక్కు నాకు రోజువారీ పని. ఎవరి మాటనైనా ఉదాహరణగా తీసుకునే ముందు ఇలాగే వెతికి చూస్తాను. నేరుగా మనిషి దగ్గరికి దారి తీస్తే రెండే మార్గాలు: వాళ్ళను అడగడం, లేదా భావం మాత్రం తీసుకుని నా మాటల్లో రాయడం. పేరు కొట్టేసి వాక్యం ఉంచితే దాచినట్టు కాదు.

'పబ్లిక్‌లో ఉంది కదా' అన్న మాటతో పరిశోధకులే పెద్ద తప్పులు చేశారు. 2016లో ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైట్ నుంచి సుమారు 70,000 మంది ప్రొఫైళ్ళు ప్రోగ్రామ్‌తో మూకుమ్మడిగా గీకి తెచ్చి, యూజర్ నేమ్‌లతో సహా బయటపెట్టారు. అడిగితే వచ్చిన జవాబు కూడా అదే, ఇది ముందే బహిరంగంగా ఉన్న సమాచారం అని. 2018లో కేసీ ఫీస్లర్, నికొలస్ ప్రొఫెరెస్ అనే ఇద్దరు పరిశోధకులు ట్విట్టర్ వాడేవాళ్ళనే అడిగి చూశారు. తమ పబ్లిక్ ట్వీట్లను పరిశోధకులు వాడుకోవచ్చన్న సంగతే ఎక్కువ మందికి తెలియదు. అడక్కుండా వాడకూడదన్నది ఎక్కువ మంది మాట. అభిమానుల రచనల మీద 2008 నుంచి వస్తున్న పరిశోధన పత్రిక ట్రాన్స్‌ఫర్మేటివ్ వర్క్స్ అండ్ కల్చర్స్ అయితే, అభిమానుల పోస్టులనో కథలనో ఉదహరించే ముందు వాళ్ళ అనుమతి తీసుకోమని వ్యాసకర్తలకు గట్టిగానే చెబుతుంది.

గోప్యత మీద పనిచేసే పరిశోధకురాలు హెలెన్ నిస్సెన్‌బామ్ 2004లో రాసిన ఒక ఆలోచన నాకు బాగా పనికొచ్చింది. ఒక సమాచారం ఏ సందర్భంలో, ఎవరికి, ఏ నమ్మకంతో అందిందో ఆ నమ్మకం దాని వెంటే ఉంటుంది. డాక్టరుకు చెప్పిన జబ్బు సంగతి రహస్యమేమీ కాకపోవచ్చు, నలుగురు నర్సులకూ తెలిసి ఉండచ్చు. అయినా అది మన ఆఫీసు మేనేజర్ చెవిన పడితే ఏదో తెగినట్టే. ఆ కామెంట్ రాసినావిడ విషయంలో తెగింది ఆ నమ్మకం. కాబట్టి తాళం ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గర ఆగకండి.

తేటనీరు గారితో నేను ఏకీభవిస్తాను. ఇంటర్నెట్ పరిశోధకుల సంఘం ఏఓఐఆర్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఈ మాటే ఉంది: మాట్లాడిన మనిషి ఎంత బలహీనమైన స్థితిలో ఉంటే, వాడుకునేవాళ్ళ బాధ్యత అంత పెరుగుతుంది.

మూడోవరస

నేను అవతలి వైపు ఉన్నదాన్ని. వానపిట్ట గారు చెప్పిన ఆవిణ్ణి కాను, ఇంకొకరిని. చెప్పాలనిపించింది.

నాకు నత్తి ఉంది. ఒక కథలో నత్తి ఉన్న పాత్ర ఒక మాట పూర్తి చేయలేక పక్కవాడి భుజం తట్టి ఊరుకుంటుంది. దాని కింద, నాకు తెలిసిన ముగ్గురితో మాట్లాడుతూ, నేను కూడా ఫోన్‌లో నా పేరు చెప్పాల్సి వస్తే పెట్టేస్తాను అని రాశాను. నా పేరులో మొదటి అక్షరమే నాకు పలకదు. అంతే రాశాను. మర్నాడు ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి 'ఎంత ధైర్యం ఈ అమ్మాయికి' అని పెట్టారు.

నేను ధైర్యంగా రాయలేదు. ధైర్యం అక్కర్లేని చోటు కాబట్టి రాశాను. ఆ ముగ్గురి దగ్గర నాకు ధైర్యంతో పని లేదు, అందుకే అక్కడికి వెళ్ళేదాన్ని. ఆ రోజు ఫోన్ టేబుల్ మీద గిర్రున తిరుగుతూనే ఉంది. అందరూ మంచి మాటలే రాశారు. ఒక్కరూ తిట్టలేదు. నేను మాత్రం ఫోన్ బోర్లా పెట్టి దాని మీద దిండు పెట్టాను. తర్వాత ఆ ముగ్గురితోనూ మునుపటిలా రాయలేకపోయాను. ఏది రాయబోయినా, ఇది ఎవరైనా ఎత్తుకెళ్తే ఎలా కనిపిస్తుంది అని ముందు అదే చూసుకుంటున్నాను. నాలుగేళ్ళయింది, ఇంకా అంతే.

పెట్టినవాళ్ళు తర్వాత నాకు చాలా పెద్ద క్షమాపణ రాశారు. అందులో వాళ్ళు ఎంత బాధపడుతున్నారో ఉంది, నేను ఏం చేస్తే వాళ్ళకు మనశ్శాంతి కలుగుతుందో ఉంది. దానికి జవాబు రాసే ఓపిక నాకు లేకపోయింది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను వానపిట్ట గారూ, ఆవిణ్ణి వెతకకండి. కొత్త పేరుతో ఎక్కడైనా కనిపించినా, రాసే తీరు చూసి గుర్తుపట్టినా, గుర్తుపట్టినట్టు చెప్పకండి. ఇంకెవరితోనూ అనకండి.

కథల సంగతి. నా అభిప్రాయం ఒక్కటే, పెట్టకండి. ఆవిడ వెళ్తూ వెళ్తూ తన చేతిలో మిగిలిన ఒక్క పని చేసుకున్నారు. అది కూడా మనం వెనక్కి తిప్పేస్తే ఎలా?

ఇక అడగడం ఎలా అంటారా, నన్ను అయితే ఇలా అడిగి ఉంటే బాగుండేది: 'మీ మాట నాకు చాలా నచ్చింది. ఇంతమంది చదివే చోట పెట్టాలనుంది. పెట్టచ్చా, పేరుతోనా పేరు లేకుండానా? వద్దంటే ఏమీ అనుకోను, జవాబివ్వకపోయినా వద్దన్నట్టే తీసుకుంటాను.' ఆ చివరి ముక్క మరవకండి. వద్దని చెప్పడం కూడా కొందరికి కష్టమే.

తాళంచెవి

సాంకేతికంగా మీరు చేయాల్సినవి చెబుతాను.

పోస్ట్ తీసేస్తే బొమ్మ పోదు. చాలా సైట్లలో ఫొటోకు వేరే చిరునామా ఉంటుంది, పోస్ట్ పోయినా ఆ చిరునామా తెలిసినవాళ్ళకు తెరుచుకుంటూనే ఉంటుంది. ఫొటోను విడిగా డిలీట్ చేయండి. లాగౌట్ అయి ఆ చిరునామా తెరిచి చూసుకోండి. షేర్ చేసిన పెద్ద అకౌంట్‌కు ఒక మెసేజ్ పెట్టి తీసేయమనండి, కారణం వివరించే పేరుతో ఆవిడ కథ మళ్ళీ చెప్పకండి, 'అనుమతి లేకుండా పెట్టాను, తీసేస్తున్నాను' అంటే సరిపోతుంది. ఎత్తిపోసుకున్న ఆ మూడు పేజీలకూ రాయండి. మీ ఆదివారం పేజీ, పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషిన్‌లో నిలవ ఉందేమో చూడండి. ఉంటే, అది మీ సొంత పేజీ కాబట్టి తొలగించమని వాళ్ళను అడగచ్చు.

కథల గురించి మూడోవరస గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. ఫ్యాన్ కథల పెద్ద నిలయం ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ 2009లో మొదలైంది. అక్కడ రచయితకు మధ్యదారులు ఉన్నాయి. లాగిన్ అయిన సభ్యులకే కనిపించేలా కథకు తాళం వేయచ్చు. ఇక ఈ కథతో నాకు సంబంధం వద్దు, కానీ కథ ఉండనీ అనుకుంటే 'ఆర్ఫన్' చేయచ్చు, అంటే రచయిత పేరు తెగిపోయి కథ మాత్రం మిగులుతుంది. ఆవిడ కథలు అక్కడివో కాదో నాకు తెలియదు, అడగను కూడా. అలాంటి దారులు లేని చోట డిలీట్ తప్ప ఇంకేం చేయగలరు? ఉన్న చోట డిలీటే ఎంచుకున్నారంటే ఆ మాట ఇంకా స్పష్టం. మూతపడబోతున్న పాత ఫ్యాన్ సైట్లను కాపాడే ఓపెన్ డోర్స్ ప్రాజెక్టు వాళ్ళు కూడా రచయితల ఆచూకీ తీసి, ఉంచాలా తీసేయాలా అన్నది వాళ్ళకే వదిలేస్తారు.

ఇంకో సంగతి. 2025లో అదే ఆర్కైవ్ నుంచి తాళం లేని రచనలు 1 కోటి 26 లక్షల దాకా ఎవరో గీకేసి, ఏఐ శిక్షణకు పనికొచ్చే డేటాసెట్‌గా, అలాంటివి పంచుకునే హగ్గింగ్ ఫేస్ అనే సైట్‌లో పెట్టారు. ఆర్కైవ్ వాళ్ళు ఫిర్యాదు చేసి దించాల్సి వచ్చింది. ఈ పేజీని తీసుకోవద్దు అని యంత్రాలకు చెప్పే రోబోట్స్ టెక్స్ట్ ఫైలు 1994 నుంచి ఉంది, కానీ అది విన్నపం మాత్రమే, వినేవాళ్ళు వింటారు. దీనివల్ల చాలామంది కథలకు తాళాలు వేసుకున్నారు. మీ జాబితాలో లింకులు పెట్టేటప్పుడు ఇదీ గుర్తుంచుకోండి. మొన్నటిదాకా తెరిచి ఉన్న కథకు ఇవాళ తాళం కనిపిస్తే, మీ పాత పోస్ట్‌లోంచి ఆ కథలోని ముక్కలు కూడా తీసేయడం మంచిది.

తేటనీరు

కథల మీద నాకు మనసు రెండు వైపులా లాగుతోంది. నేను చదివి పెరిగిన ఫ్యాన్ కథల్లో సగం ఇవాళ ఎక్కడా లేవు. సైట్లు మూతపడి కొన్ని, రచయితలు తీసేసి కొన్ని. ఒక కథ నా దగ్గర ప్రింట్‌లో ఉంది. అంచులు పసుపెక్కాయి, రచయిత ఎక్కడున్నారో తెలియదు. దాన్ని పారేయమంటే పారేయలేను.

కానీ పారేయకపోవడం వేరు, పంచడం వేరు. ఆ ముగ్గురూ తమ దగ్గరున్న కాపీలు తమ దగ్గర ఉంచుకోనివ్వండి. అది చదువరికి ఉన్న చనువు. లింక్ పెట్టి 3,000 మందికి తెరిస్తే మాత్రం, రచయిత మూసిన తలుపును మనం తన్ని తెరిచినట్టే. అదీ ఇంత జరిగాక.

వానపిట్ట

అందరికీ నమస్కారం. ఇవి చదివి రెండు వారాలు ఏమీ రాయలేదు. ఏం చేశానో చెబుతాను.

ఆవిడ వాక్యం ఇక్కడ నుంచి ఆ రోజే తీసేశాను. గళ్ళనోటుబుక్ గారు చెప్పేదాకా, రెండోసారి అదే తప్పు చేస్తున్నానన్న స్పృహే లేదు నాకు. క్షమాపణ అడుగుతున్న పోస్ట్‌లోనే మళ్ళీ పెట్టాను. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, దాని మీద నాకేదో హక్కు ఉన్నట్టు అయిపోయాను. తాళంచెవి గారు చెప్పినట్టే స్క్రీన్‌షాట్ బొమ్మకు వేరే చిరునామా ఉంది. పోస్ట్ తీసేసిన మూడు వారాలకు కూడా లాగౌట్ అయి తెరిస్తే తెరుచుకుంది! పసుపు గీతతో సహా. డిలీట్ చేసి, మర్నాడు మళ్ళీ చూసి, లేదని ఖాయం చేసుకున్నాను. పెద్ద అకౌంట్ వాళ్ళు అడిగిన గంటలో తీసేశారు. మూడు పేజీల్లో రెండు తీసేశాయి. మూడోదాని నుంచి ఉలుకూ పలుకూ లేదు, మళ్ళీ రాశాను.

ఆవిడకు పొడుగ్గా ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాను, ఎక్కడైనా దొరికితే పంపుదామని. మూడోవరస గారి జవాబు చదివాక దాన్ని మళ్ళీ చదివాను. మొదటి పేజీలో 'నేను' అన్న మాట 17 సార్లు ఉంది. చింపేశాను.

కథల కాపీలున్న ముగ్గురికీ పెట్టను అని చెప్పాను. ఒకరు కోపగించుకున్నారు, మాట్లాడటం మానేశారు. ఇంకొకరు, ఆ కథల్లో ఒకటి నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు చదివాను, అది ఎవరికీ ఇవ్వను, నాకోసం ఉంచుకుంటాను అన్నారు. అలాగే ఉంచుకోండి అన్నాను.

ఆదివారం పోస్ట్ ఆపేద్దామనుకున్నాను. ఆపలేదు. తేటనీరు గారు చెప్పిన దూరం లెక్క పట్టుకుని మొన్న మళ్ళీ కూర్చున్నాను. 14 లింకులు పక్కన పెట్టుకున్నాను. అందులో 5 పెద్ద వ్యాసాలు, అందరూ చదవాలనే రాసినవి. వాటికి అడగలేదు. మిగిలిన 9 మందికి ఒక్కొక్కరికీ విడిగా రాశాను, మూడోవరస గారు ఇచ్చిన మాటల్లోనే, ఎంతమంది చదువుతారో సంఖ్యతో సహా. ఆ సంఖ్య చూసి ఇద్దరు ఆశ్చర్యపోయారు. అంతమంది ఉన్నారా, నేనింకా మనవాళ్ళే అనుకుంటున్నాను అని ఒకరు రాశారు. నాకు నా 40 మంది గుర్తొచ్చారు.

ఆరుగురు సరేనన్నారు. వాళ్ళలో ఒకరు పేరు తీసేయమన్నారు, ఒకరు తమ ప్రొఫైల్ ఫొటో మార్చుకునేదాకా రెండు రోజులు ఆగమన్నారు. ఒకరు వద్దన్నారు, కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరి నుంచి జవాబు లేదు. ఆ ఇద్దరిలో ఒకరిది చాలా మంచి పోస్ట్. దాని గురించి నేను రాసుకున్న రెండు మాటలు కూడా బాగా వచ్చాయి. అవి డ్రాఫ్ట్‌లోనే ఉన్నాయి.